పది కిలోల దాణా పెట్టినా పాలు తగ్గుతున్నాయంటే ముందు గడ్డి లెక్క చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను బ్రదర్. మంగళగిరి పక్కన షెడ్డు, నాలుగు ముర్రా గేదెలు, ఈని రెండు నెలలు దాటింది, ఒక్కోదానికి పూటకి అయిదు కిలోల లెక్కన రోజుకి పది కిలోల కంపెనీ దాణా, దానిమీద దగ్గర్లో హాస్టల్లో మిగిలిన అన్నం కుడితిలో కలిపి ఒక బకెట్టు, వరిగడ్డి "తిన్నంత", పచ్చిగడ్డి దొరికిన రోజు ఉంది లేని రోజు లేదు. పది లీటర్లిచ్చేవి ఏడుకి దిగాయి, పాలు పోసే కేంద్రంలో ఫ్యాట్ 7 వచ్చేది 5.2కి పడింది, పేడ జారుగా వస్తోంది, ఒక గేదె రోజు మార్చి రోజు మేత వదిలేస్తోంది. ఏ కంపెనీ దాణాకి మారితే మళ్లీ పెరుగుతాయి అని అడిగారు.

ఏ కంపెనీకీ మారొద్దు. ఇంకో మంచి బస్తా తెచ్చారంటే ఏడు లీటర్లు కూడా మిగలవు.

నేను డాక్టర్ని కాదు, ముందే చెప్తున్నా. మాది తెనాలి వైపు, ఇంట్లో గేదెలు నేను పుట్టకముందు నుంచీ ఉన్నాయి, మధ్యలో ఎనిమిదేళ్లు ఒక దాణా మిల్లులో మిక్సింగ్ దగ్గర పనిచేశా, ఇప్పుడు పద్నాలుగు గేదెలు చూసుకుంటున్నా. బస్తాలో ఏం పోస్తారో తెలుసు, గాడిలో ఏం మిగిలిపోతుందో కూడా తెలుసు, అంతవరకే నా అర్హత.

అసలు విషయం ఏంటంటే మనం గేదెకి మేత వేస్తున్నాం అనుకుంటాం గానీ నిజానికి వేసేది దాని పెద్దపొట్టలో ఉన్న సూక్ష్మజీవులకి. నెమరేసే జంతువుకి పొట్టలో నాలుగు గదులుంటాయి కదా, అందులో మొదటి గది పెద్ద గేదెకి వంద లీటర్ల పైనే పడుతుంది, అదొక పులిసే తొట్టె అనుకోండి, మనింట్లో దోసెల పిండి పులిసినట్టే లోపల గడ్డి పులుస్తూ ఉంటుంది. గడ్డిలో పీచుని గేదె సొంతంగా అరిగించుకోలేదు, ఆ క్రిములే దాన్ని విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తాయి, ఆ ఆమ్లాలే గేదెకి బలం. పీచు నుంచి ఎక్కువగా వచ్చేది అసిటేట్, పాలలో ఫ్యాట్ తయారవడానికి ముఖ్యమైన సరుకు అది. గింజలు, అన్నం, నూకల్లాంటి పిండి పదార్థం నుంచి ప్రొపియోనేట్ ఎక్కువ వస్తుంది, అది పాల పరిమాణానికి పనికొస్తుంది, అది కూడా కావాల్సిందే. కానీ పిండి పదార్థం హద్దు దాటితే తొట్టె మొత్తం పులిసిపోతుంది, పీచు తినే క్రిములు ఆ పులుపులో బతకలేవు, అవి చచ్చాయంటే వేసిన గడ్డి కూడా అరగదు, ఇక ఫ్యాట్ ఎక్కడ్నుంచి వస్తుంది చెప్పండి. మీ 7 నుంచి 5.2 కథ ఇదే అని నా అనుమానం. జారు పేడ, ఒకరోజు తిని ఒకరోజు మానేయడం, ఇవన్నీ దాని తోబుట్టువులే.

ఈ పులుపుని అదుపులో పెట్టడానికి గేదె దగ్గర ఒక మందు ఉంది, సొంగ. పెద్ద పశువుకి రోజుకి వంద లీటర్ల పైనే లాలాజలం ఊరుతుంది, అందులో మనం వాడే తినే సోడా లాంటి గుణమే ఉంటుంది, పులుపుని విరిచేస్తుంది. కాకపోతే ఆ సొంగ ఊరాలంటే గేదె నమలాలి, నెమరెయ్యాలి. దాణా నమిలేదేముంది, నాలుగు నిమిషాల్లో నాకేస్తుంది. పొడుగు గడ్డి ఉంటేనే గంటల తరబడి నెమరు. అందుకే మధ్యాహ్నం పూట షెడ్డులోకి వెళ్లి నిలబడండి, పడుకున్న గేదెల్లో కనీసం సగం నెమరేస్తూ కనపడాలి, ఒక ముద్దకి యాభై అరవై సార్లు నమలాలి. లెక్కపెట్టండి, ముప్ఫైకే మింగేస్తుంటే లోపల పీచు తక్కువైందని అర్థం. దీనికి ఏ ల్యాబూ అక్కర్లేదు.

అన్నం సంగతి మాత్రం నా తలకి తగిలిన దెబ్బ కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. మా ఇంట్లో చెల్లెలి పెళ్లి, వంటలు మిగిలాయి, రాత్రి పదకొండింటికి గంగాళంలో అడుగున అన్నం, పులిహోర, ఇంత లడ్డూ పొడి కూడా ఉంది, పారెయ్యడం ఎందుకని నేనే రెండు బకెట్లు తీసుకెళ్లి మూడో ఈత గేదె ముందు పెట్టా, అది పూటకి ఆరు లీటర్లిచ్చే గేదె. ఎంత ఇష్టంగా తిందో. తెల్లారి చూస్తే నిలబడలేకపోతోంది, ఎడమ డొక్క మీద అరచెయ్యి పెట్టి నొక్కితే లోపల కుండలో నీళ్లు కదిలినట్టు బొళబొళమంటోంది, పేడ బూడిద రంగులో నీళ్లలాగ, వాసన పుల్లగా, కళ్లు లోపలికి పోయాయి. పెళ్లికొచ్చిన చుట్టాలందరూ దిష్టి తగిలిందని తలో మాటా అంటున్నారు, దిష్టీ లేదు ఏం లేదు, నా చేత్తో నేనే పెట్టా. డాక్టర్ గారొచ్చి రక్తంలోకి సెలైన్లు, సోడా ఎక్కించి, నోటి ద్వారా మందు పోయించి, మూడో రోజు సాయంత్రానికి నెమరు తెప్పించారు. మా నాన్న పక్క రైతు ఇంటికి వెళ్లి ఆరోగ్యంగా ఉన్న గేదె నోట్లోంచి నెమరు ముద్ద లాక్కొచ్చి దీని నోట్లో పెట్టాడు, అప్పట్లో నవ్వుకున్నా, తర్వాత తెలిసింది అది మూఢనమ్మకం కాదు, చచ్చిపోయిన క్రిముల బదులు కొత్త విత్తనం వేసినట్టు అని. గేదె బతికింది, ఆ ఈతకి పాలు మాత్రం మళ్లీ పైకి రాలేదు, ఫ్యాట్ కూడా పోయింది. మీ హాస్టల్ బకెట్టు రోజూ కొద్దికొద్దిగా అదే పని చేస్తోంది. ఈ రోజు నుంచే ఆపెయ్యండి.

ఇప్పుడు లెక్కకొద్దాం. ముందు గేదె బరువు తెలియాలి, కాటా ఉండదు కాబట్టి దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోండి, భుజం ఎముక ముందు నుంచి వెనక పిర్ర ఎముక దాకా పొడవు తీసుకోండి. చుట్టుకొలతని దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలొస్తాయి. 76 అంగుళాల చుట్టుకొలత, 58 పొడవు ఉంటే సుమారు 507 కిలోలు. పది ఇరవై కిలోలు అటూ ఇటూ అయినా మన పనికి చాలు.

పాలిచ్చే గేదె రోజుకి తన బరువులో రెండున్నర నుంచి మూడు శాతం దాకా ఎండు పదార్థం తింటుంది. ఎండు పదార్థం అంటే నీళ్లు తీసేసిన బరువు. ఇక్కడే అందరూ బోల్తా పడేది. సూపర్ నేపియర్ లాంటి పచ్చిగడ్డి పాతిక కిలోలు వేశామంటే అందులో ఇరవై కిలోలు నీళ్లే, మేత అయిదు కిలోలు. వరిగడ్డి కిలో వేస్తే తొమ్మిది వందల గ్రాములు మేత. దాణా కూడా అంతే. కాబట్టి 500 కిలోల గేదె రోజుకి పదమూడు నుంచి పదిహేను కిలోల ఎండు పదార్థం తింటే, అందులో కనీసం అరవై శాతం గడ్డి నుంచి రావాలి, దాణా నలభై దాటకూడదు. మీరు పది కిలోల దాణా పెడ్తున్నారు, అంటే తొమ్మిది కిలోల ఎండు పదార్థం, పైన అన్నం. పొట్టలో మూడింట రెండొంతులు దాణాతోనే నిండిపోతే గడ్డికి చోటెక్కడ? మీరు "తిన్నంత" వేస్తున్నారు, అది తినట్లేదు, రెండూ నిజమే.

దాణాకి పాత బండ లెక్క ఒకటుంది, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. గేదె ఒళ్లు నిలబడ్డానికి కిలోన్నర, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకి ఒక కిలో. ఆవైతే రెండున్నర లీటర్లకి కిలో చాలు, దాని పాలలో ఫ్యాట్ తక్కువ కాబట్టి. మీ గేదె పది లీటర్లిచ్చినప్పుడు కూడా ఆరున్నర కిలోలు చాలు, ఇప్పుడు ఏడు లీటర్లకి అయిదు. దానితో పాటు పచ్చిగడ్డి పాతిక కిలోలు, వరిగడ్డి నాలుగు కిలోలు. పది లీటర్ల గేదెకి ఎండు పదార్థం కూడండి, పచ్చిగడ్డిలో అయిదు, వరిగడ్డిలో మూడు ఆరువందలు, ఆరున్నర కిలోల దాణాలో ఆరు దగ్గర, మొత్తం పద్నాలుగున్నర, గడ్డి దాణా అరవై నలభై. సరిగ్గా కుదిరింది చూడండి.

రేపు పొద్దున్నే మాత్రం పది నుంచి ఒకేసారి అయిదుకి దింపెయ్యకండి. పొట్టలో క్రిములు కొత్త మేతకి అలవాటు పడ్డానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, పెంచడమైనా తగ్గించడమైనా రోజు మార్చి రోజు అరకిలో చొప్పున వెళ్లండి. అన్నం మాత్రం వెంటనే ఆపాలి. ముందు వరిగడ్డి వేసి ఒక అరగంట నమలనిచ్చి తర్వాత దాణా పెట్టండి, ఆకలి పొట్టలో దాణా పడితే పులుపు ఒక్కసారిగా ఎక్కుతుంది. రోజు దాణాని రెండు పూటల బదులు మూడు నాలుగు సార్లు చెయ్యగలిగితే ఇంకా మంచిది. తినే సోడా 50 నుంచి 100 గ్రాములు దాణాలో కలపమని చాలామంది డాక్టర్లు చెప్తారు, మీ డాక్టర్ని అడిగి ఒక రెండు వారాలు వాడండి, కానీ గడ్డి లెక్క సరిచెయ్యకుండా సోడా మీద బండి నడపొద్దు.

ఇంకొకటి, కాటా కొనండి. వేలాడదీసే చిన్న కాటా. "తట్టెడు", "బకెట్టు", "చేటెడు" అనే కొలతల్లో ఎవరి చెయ్యి వాళ్లది, మా పాలేరు తట్ట నాలుగు కిలోలు, మా ఆవిడ తట్ట రెండున్నర. రెండు వారాలు తూచి వేస్తే తర్వాత చేతికే వచ్చేస్తుంది.

గడ్డి గురించి. మన డెల్టాలో దొరికేది వరిగడ్డి, దాన్ని తిట్టి లాభం లేదు కానీ అదేంటో తెలుసుకుని వాడాలి. మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే, పైగా సిలికా, ఆక్సలేట్లు ఉంటాయి, ఆ ఆక్సలేట్లు కాల్షియంని పట్టేసుకుంటాయి. వరిగడ్డి మీదే బతికే గేదెలు ఎదకి రాకపోవడం, వచ్చినా మూగ ఎదలా తెలీకుండా పోవడం, ఈనాక పాలజ్వరం, వీటి వెనక ఇది కూడా ఉంటుంది. అందుకే రోజుకి 50 గ్రాముల మినరల్ మిక్చర్, 30 గ్రాముల ఉప్పు తప్పనిసరి. ఇది పాలిచ్చే దానికే కాదు, పడ్డలకీ చూడి గేదెలకీ కూడా. మన వాళ్లు గేదె ఒట్టిపోగానే ముందు ఆపేది మినరల్ మిక్చరే, అదేం లెక్కో.

ఒకప్పుడు ఈ కొరత తెలీకుండా పోయేది, ఎందుకంటే వరి కోతకి ముందే నిలబడ్డ చేలో పిల్లిపెసరో జనుమో చల్లేవాళ్లు, కోత అయ్యాక ఆ తేమకే అవి పెరిగేవి, సంక్రాంతి దాటాక పశువులకి అదే పండగ. కాయజాతి మేత కదా, మాంసకృత్తులూ కాల్షియమూ రెండూ ఉంటాయి, వరిగడ్డిలో లేనిదంతా అందులో ఉంది. ఎవరు కనిపెట్టారో గానీ జత భలే కుదిరింది. ఇప్పుడు ఆ చోట మినుము, మొక్కజొన్న వచ్చేశాయి, డబ్బులొచ్చే పంట కాబట్టి రైతుని తప్పు పట్టలేం. కానీ మొక్కజొన్న కండెలు కోశాక చొప్పని చేలోనే తగలబెట్టేవాళ్లని చూస్తే మాత్రం కడుపు మండుతుంది, వరిగడ్డి కంటే అది నయం, కూలీ పెట్టుకుని కోసి చాఫ్ కట్టర్‌లో, అంటే గడ్డి ముక్కలు చేసే మిషన్‌లో, వేసుకుంటే మూడు నెలల మేత. మీకు పొలం పావు ఎకరం ఉన్నా సూపర్ నేపియర్ గానీ కో-4 గానీ నాటుకోండి, పక్కన నాలుగు సాళ్లు అలసంద వేసుకోండి. నేపియర్ ని ముదరనివ్వొద్దు, మీ కన్నా ఎత్తు పెరిగితే చూడ్డానికి బాగుంటుంది, తినడానికి వెదురు. చాఫ్ కట్టర్ కొన్న ఉత్సాహంలో పొడి చేసెయ్యకండి, అంగుళం దాకా ముక్క ఉండాలి, లేకపోతే నమలడం తగ్గిపోయి మళ్లీ మొదటికే వస్తాం.

కాయజాతి పచ్చిమేత కూడా ఒంటిగా, తడిగా, ఆకలి మీద పెట్టొద్దు, పొట్ట ఉబ్బుతుంది. కాస్త వాడనిచ్చి వరిగడ్డితో కలిపి వెయ్యండి.

వరిగడ్డిని యూరియాతో మాగబెట్టే పద్ధతి ఉంది. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లలో బాగా కరిగించి, పొరపొరగా చల్లి తొక్కి, గాలి దూరకుండా పట్టా కప్పి ఇరవై ఒక్క రోజులు ఉంచాలి. మాంసకృత్తులు దాదాపు రెట్టింపు అవుతాయి, గడ్డి మెత్తబడుతుంది, గేదె ఎక్కువ తింటుంది. తీశాక గంటసేపు ఆరబెట్టి ఆ ఘాటు పోయాకే పెట్టాలి, ఆరు నెలల లోపు దూడలకి అసలు పెట్టకూడదు. నేను రెండు సీజన్లు చేశా, పని బాగానే చేసింది, పట్టా తీసిన రోజు ఆ అమ్మోనియా వాసనకి పక్కింటాయన నాతో వారం మాట్లాడలేదు. యూరియాని నీళ్లలో కలిపి నేరుగా తాగించడం, దాణాలో గుప్పెడు వెయ్యడం లాంటివి ఎవరైనా చెప్తే దండం పెట్టి వచ్చెయ్యండి, అది విషం.

యూరియా అంటే గుర్తొచ్చింది, దాణా బస్తా మీద ప్రోటీన్ అంకె చూసి మురిసిపోకండి. ల్యాబులో కొలిచేది నత్రజని, దాన్ని 6.25తో గుణించి ప్రోటీన్ అని రాస్తారు. యూరియాలో 46 శాతం నత్రజని, అంటే కిలో యూరియా కాగితం మీద 2.87 కిలోల ప్రోటీన్ లాగా కనపడుతుంది! వంద కిలోల దాణాలో ఒక కిలో పడితే దాదాపు మూడు పాయింట్లు పెరిగినట్టే. కొద్దిగా ఉంటే పొట్టలో క్రిములు వాడుకుంటాయి, తప్పు లేదు, కానీ నూనె గింజల చెక్కకి ఇచ్చే డబ్బులిచ్చి యూరియా కొనుక్కోవడం ఎందుకు? బస్తా వెనక చీటీలో ప్రోటీన్‌తో పాటు పీచు, కొవ్వు, ఇసుక-సిలికా ఎంతో కూడా రాస్తారు, ఆ చివరిది చూడండి, తవుడులో ఊక, మట్టి కలిపారో లేదో అక్కడ తెలుస్తుంది. గుప్పెడు దాణా గ్లాసు నీళ్లలో వేసి కలిపి వంచెయ్యండి, అడుగున గరుకుగా ఇసుక మిగిలితే చాలు, చీటీ కూడా అక్కర్లేదు.

సొంతంగా కలుపుకుంటానంటే వంద కిలోలకి నేను వేసుకునేది ఇది, మొక్కజొన్న 32 (రవ్వలా ఆడించాలి, పిండిలా కాదు), పత్తి గింజల చెక్క 20, వేరుశనగ చెక్క 15, నూనె తీసిన తవుడు 20, కందిపొట్టు నూక కలిసింది గానీ మినప పొట్టు గానీ 10, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. సుమారు 18 శాతం మాంసకృత్తులొస్తాయి. ఇందులో కలిసిన మినరల్, ఉప్పు పైన చెప్పిన రోజు మోతాదుకి సరిపోతాయి కాబట్టి మళ్లీ విడిగా వెయ్యక్కర్లేదు. మనకి పత్తి మిల్లులు గుంటూరు చుట్టూ ఉన్నాయి, మినప పొట్టు తెనాలి పప్పు మిల్లుల దగ్గర దొరుకుతుంది, దగ్గర్లో ఏది చవకైతే అది మార్చుకోవచ్చు. చెక్క కొనేటప్పుడు కిలో రేటు చూడొద్దు, ప్రోటీన్ రేటు చూడండి. ఉదాహరణకి వేరుశనగ చెక్క కిలో 40 రూపాయలు, అందులో 40 శాతం ప్రోటీన్ అనుకుంటే కిలో ప్రోటీన్ 100 రూపాయలు పడింది, పత్తి చెక్క 30 రూపాయలే కదా అని తీసుకుంటే 22 శాతమే ఉంటుంది కాబట్టి కిలో ప్రోటీన్ 136. చవక ఏదో చూశారా. పత్తి చెక్కలో కాస్త కొవ్వు, పీచు ఎక్కువ కాబట్టి ఫ్యాట్‌కి బాగుంటుందని వేసుకుంటాం, అంతే, చవకని కాదు. చిన్న దూడలకి మాత్రం పత్తి చెక్క వద్దు, అందులో గాసిపోల్ అనే పదార్థం ఉంటుంది, పెద్ద గేదె పొట్టలో విరుగుతుంది గానీ దూడ తట్టుకోలేదు.

వేరుశనగ చెక్కకి, మొక్కజొన్నకి బూజు చూసుకోండి. వానాకాలంలో గోడకి ఆనించి పెట్టిన బస్తా అడుగు చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉందంటే లోపల బూజు మొదలైనట్టే. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ గేదె లివర్‌ని దెబ్బతీయడమే కాదు, పాలలోకి కూడా వస్తుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే. బూజు పట్టింది ఎండబెట్టి వాడేద్దాం అనుకుంటారు, ఎండకి బూజు చస్తుంది గానీ విషం పోదు. కింద చెక్క బల్ల వేసి, గోడకి జానెడు దూరంగా బస్తాలు పెట్టండి.

ఇంకో రెండు విషాలు మన ప్రాంతంలో ఎక్కువ. ఒకటి జొన్న, లేత జొన్న గానీ కోశాక వచ్చే పిలకలు గానీ, ముఖ్యంగా నీళ్లెద్దడిలో వాడిన పైరు, తింటే నాము తగిలి నిమిషాల్లో పడిపోతాయి, సైనైడ్ అది. పూత దశ దాటి, తడి పెట్టాకే కొయ్యండి. రెండోది మిర్చి, పత్తి చేల గట్ల మీద గడ్డి. కూలీలు ఊరికే వస్తుంది కదా అని కోసుకొస్తారు, ముందు రోజే మందు కొట్టి ఉంటారు. నోట్లోంచి చొంగ ధారగా కారడం, వణుకు, ఊపిరి ఆడకపోవడం కనపడితే ఇంటి వైద్యాలు చెయ్యకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి ఏ గట్టు మీద గడ్డి, ఏ మందు కొట్టారు అన్నది కూడా చెప్పండి, డబ్బా దొరికితే చేతిలో పట్టుకుని ఉండండి, విరుగుడు దాన్నిబట్టే ఉంటుంది.

నీళ్ల గురించి ఒక్క మాట. లీటరు పాలకి నాలుగైదు లీటర్ల నీళ్లు కావాలి, ఒంటికి కావాల్సింది వేరే. మీరు పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కుడితి అని రాశారు, అది చాలదు, తొట్టిలో ఎప్పుడూ నీళ్లుండాలి. మన ఎండల్లో గేదె చాలా ఇబ్బంది పడుతుంది, నల్ల తోలు, చెమట గ్రంథులు తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మేత వేసినా ముట్టదు, తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక ఎక్కువ వెయ్యండి, మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు కొట్టండి.

దూడల గురించి మీరు అడగలేదు గానీ ఒక దూడ పోయిందని మధ్యలో రాశారు, అందుకే చెప్తున్నా. మన దగ్గర గేదె ఈనిందంటే జున్ను వీధంతా పంచుతాం, దూడకి మాత్రం "ఎక్కువ తాగితే పారుకుంటుంది" అని పట్టిపట్టి వదుల్తాం. దూడ పుట్టేటప్పుడు దాని ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి దాదాపు ఏమీ ఉండదు, అది జున్నుపాల నుంచే రావాలి, ఆ శక్తిని దూడ పేగు పీల్చుకునేది మొదటి ఇరవైనాలుగు గంటలే, గంట గంటకీ ఆ తలుపు మూసుకుపోతూ ఉంటుంది. పుట్టిన గంట రెండు గంటల్లోపు మొదటిసారి, మొదటి రోజు మొత్తానికి దూడ బరువులో పదో వంతు, అంటే ముప్ఫై కిలోల దూడకి మూడు లీటర్లు తాగాలి. మిగిలింది పంచండి. మాయ పడేదాకా పాలు పిండకూడదు అని పెద్దవాళ్లు ఆపుతారు, వాళ్లతో గొడవ పడండి, పర్లేదు. పదిహేను రోజులకి ఏలికపాములకి మందు తాగించండి, గేదె దూడలు పోవడానికి అది కూడా పెద్ద కారణమే.

చివరగా మేత వదిలేస్తున్న ఆ ఒక్క గేదె. మిగతా మూడింటికీ నేను చెప్పింది చాలు అనిపిస్తోంది, దీనికి మాత్రం ఒకసారి డాక్టర్‌ని పిలిపించండి. పొదుగువాపు లోపల్లోపల ఉందేమో పాల పరీక్ష చేయించండి, పేడ కూడా పరీక్ష చేయించండి. మీరు కాలవ గట్టు మేపు కూడా తిప్పుతున్నానన్నారు కాబట్టి జలగ వ్యాధి అనుమానించాలి, నత్తలున్న చోట గడ్డి నుంచి లివర్‌లోకి చేరతాయి, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే మాత్రం ఇంక ఆలస్యం చెయ్యొద్దు. పురుగు ఉన్న గేదెకి ఎంత దాణా పెట్టినా పురుగుకే. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, గుంటూరు పక్కనే లాం ఫారం (పశు పరిశోధనా కేంద్రం) ఉంది, మీకు రెండూ దగ్గరే, ఒక పూట పెట్టుకుని వెళ్లి మాట్లాడండి, మాలాంటి వాళ్ల మాట కంటే అది మేలు.

పది పన్నెండు రోజుల్లో పేడ గట్టిపడాలి, మూడు వారాలకి ఫ్యాట్ 6 దాటడం మొదలవ్వాలి. పాలు మొత్తం పదికి వస్తాయని మాట ఇవ్వను, ఈనిన రెండో నెలలో జారినవి కొన్నిసార్లు ఆ ఈతకి అంతే. టేపు కొలతలు తీసి నాలుగు గేదెలవీ విడివిడిగా రాయండి, ఏది ఎప్పుడు ఈనింది, మళ్లీ ఎద కనపడిందా లేదా, దాణా బస్తా వెనక చీటీ ఫోటో, ఆ వదిలేస్తున్న గేదె పేడ ఫోటో కూడా పెట్టండి. మొహమాటం ఏం లేదు, పాల ఫోటో కన్నా అదే ఎక్కువ చెప్తుంది.